నలభై ఒకటో జత

గురువారం పొద్దున కూడా నలభై ఒకటో జత వెనక్కి తిరిగే ఉంది.

నెజాహత్ దీపాలన్నీ వేయకముందే చూసేసింది. మూడు వారాలుగా ప్రదర్శన హాల్లో అడుగుపెట్టగానే ఆమె కళ్ళు ముందు అటే పోతున్నాయి. నడిమధ్య, చుట్టూ గోడలేవీ లేకుండా ఒంటరిగా నిలబెట్టిన పాత చెక్కతలుపు. దాని గడప ముందు నేల మీద వరసలుగా అరవై మూడు జతల బూట్లు. హాలు గోడ మీద పెద్ద అక్షరాల్లో, 'బయల్దేరి, చేరనివాళ్ళు'. అరవై రెండు జతలు తలుపుకి వీపు పెట్టి వీధివైపు చూస్తున్నాయి. ఒక్క జత మాత్రం ఇంట్లోకి వెళ్ళబోతున్నట్టు తలుపుకేసి తిరిగి ఉంది. గోధుమరంగు తోలుబూట్లు, మగవాడివి, నలభై రెండో సైజు.

మాపుకర్ర గోడకి ఆనించి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని మెల్లిగా వంగింది. అరవై ఒకటో ఏట వంగడం ఒక పని, లేవడం ఇంకో పని. జేబులోంచి తెల్లటి నూలు తొడుగులు తీసి చేతులకి వేసుకుంది. ఉత్తచేతులతో ముట్టుకుంటే చెమట అంటి తోలు చెడుతుందని హాలు మేనేజరు కోర్కుట్ గారి ఆజ్ఞ. వాటిలో సగం బూట్లు సముద్రపు ఉప్పు తాగి, గట్టు మీద ఎండకి పెళుసెక్కి ఇక్కడికి చేరినవి. ఇప్పుడు ఒక ముసలిదాని వేళ్ళ చెమటకి పాడైపోతాయట.

ప్రతి జత మడమల కింద సన్నటి సుద్దగీత ఉంటుంది. నలభై ఒకటో జతని పైకెత్తి, తిప్పి, మడమలు గీత మీదకి వచ్చేలా సర్ది, రెండు బూట్ల మధ్య బొటనవేలంత సందు వదిలింది. లేవడానికి తలుపుచెక్క పట్టుకుంది. అది కూడా ముట్టుకోకూడనిదే, కాని చూసేవాళ్ళెవరూ లేరు.

లేచేసరికి నూహా బకెట్ పట్టుకుని మరుగుదొడ్లవైపు నుంచి వస్తోంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, యాభై ఏళ్ళ నడక. యుద్ధానికి ఇద్లిబ్ వదిలి వచ్చి ఈ రేవుపట్నం ఇజ్మీర్‌లో తొమ్మిదో ఏడు. నెజాహత్ చేతులకున్న తొడుగులు చూసింది, నేల మీద బూట్లు చూసింది, తల దించుకుంది.

"పని తేలిగ్గా సాగాలి అక్కా."

"నీదీ సాగాలమ్మాయ్."

ఆ సంగతి మీద ఇద్దరూ మూడు వారాల్లో మాట్లాడుకున్నదంతా అంతే. సాయంత్రం చివరి చూపరి వెళ్ళాక ఒకామె తిప్పుతుంది. పొద్దున మేనేజరు రాకముందు ఇంకొకామె మళ్ళీ తిప్పుతుంది. దానికి కారణం కూడా నెజాహతే. బస్మనె సందుల్లో నూహా ఉండే ఇంటి కింద వాటాలో ఒక పెద్దాయన పోయాడు. మర్నాడు నూహా వచ్చి, "వాళ్ళ గుమ్మం బయట బూట్లు మర్చిపోయారక్కా, వాన వచ్చేలా ఉంది, లోపల పెట్టనా?" అని అడిగింది. "ముట్టుకోకు తల్లీ, అవి పోయినాయనవి. ముక్కులు వీధివైపుకి పెట్టి బయట వదిలేస్తాం. అవసరమున్న వాళ్ళెవరో పట్టుకుపోతారు. ఆయన ఇక లోపలికి రాడని అర్థం," అని నెజాహత్ టీ కలుపుకుంటూ చెప్పింది. చెప్పి చెంచా తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. హాల్లో ఏ తలుపు ముందు ఎవరి బూట్లు ఎటు తిరిగి ఉన్నాయో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ నలభై ఒకటో జత నూహా భర్త మువఫ్ఫక్‌ది.

తొమ్మిదిన్నరకి కోర్కుట్ వచ్చాడు, చేతిలో బక్లావా పెట్టెతో. మామూలుగా అతను చేతిలో ఫైలు లేకుండా కనిపించడు.

"అక్కలూ, నోళ్ళు తీపి చేసుకోండి! ఇదిల్ గారి ఈ కళాఖండం అమ్ముడుపోయింది. జర్మనీలో ఒక మ్యూజియం కొనుక్కుంది. మొత్తం, తలుపుతో సహా."

"తలుపు కూడానా? మన ఊళ్ళో దొరికే తలుపులు వాళ్ళ ఊళ్ళో లేవా?" అంది నెజాహత్.

"తలుపు, గడప, అరవై మూడు జతలు. ఆదివారంతో ప్రదర్శన అయిపోతుంది. సోమవారం ప్యాకింగ్, మంగళవారం పొద్దున్నే లారీ. ఇదిల్ గారే స్వయంగా వస్తారు. తీసుకోండి, పిస్తావి."

నూహా ఒక ముక్క తీసుకుంది. నోటిదాకా వెళ్ళిన చెయ్యి ఆగింది.

"నా బూట్లు ముందే తీసి ఇచ్చేస్తారు కదా సార్?"

కోర్కుట్ పెట్టె మూత మూశాడు. మళ్ళీ తెరిచాడు. "అది విరాళం కదా నూహా. సంతకం పెట్టావుగా."

"అరువు అన్నారు. అయిపోయాక ఇచ్చేస్తారన్నారు."

అతనితో అంటూనే ఆమె నెజాహత్ వైపు చూసింది. ఆ చూపులో కోపం కనిపించలేదు. వంతెన మీద నడుస్తూ కింద పలక కదిలితే పక్కవాళ్ళని చూసే చూపు అది.

"ఏదీ ఆ కాగితం? ఒకసారి తెండి కోర్కుట్ గారూ," అంది నెజాహత్.

తెచ్చాడు. ఈసారి కళ్ళజోడు మెడలోనే వేలాడుతోంది. పెట్టుకుని చదివింది. ఎటువంటి ప్రతిఫలమూ ఆశించకుండా, తిరిగి కోరే హక్కు వదులుకుంటూ కళాకారిణికి శాశ్వతంగా ఇచ్చినట్టు అందులో ఉంది. నూహా పేరు వంకరటింకరగా, కొత్తగా నేర్చుకున్న అక్షరాల్లో. దాని కింద సాక్షి. అక్కడ గుండ్రంగా, బడిలో మార్కులు తెచ్చుకున్న దస్తూరీతో నెజాహత్ సంతకం.

ఆ రోజు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది. మర్చిపోయానని ఒప్పుకోవడానికి నామోషీ వేసింది. కాగితం చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, చదివినట్టు తల ఊపి, "పెట్టు పిల్లా, ఇవన్నీ ఒకే రకం కాగితాలు. నేనున్నాగా," అంది. ఇప్పుడా కాగితం బరువు చేతికి తెలుస్తోంది.

"చదవలేదు నేను. చదవకుండా చదివానన్నాను," అంది పైకే.

కోర్కుట్ ఫైలు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "ఎవరు చదువుతారక్కా ఇవన్నీ," అన్నాడు, ఓదార్పుగా అన్నాడో తప్పించుకోవడానికన్నాడో అతనికే తెలియాలి. నూహా బక్లావా ముక్కని తిరిగి పెట్టెలో పెట్టలేక, తినలేక, కాగితం రుమాల్లో చుట్టి ఏప్రాను జేబులో వేసుకుంది.

మధ్యాహ్నం టీ గదిలో ఇద్దరే కూర్చున్నారు. టీ గదంటే మెట్ల కింద అర. ఇదంతా ఒకప్పుడు పొగాకు గోదాము. వాన పట్టిన రోజున ఆ గోడలు ఇప్పటికీ పొగాకు వాసన కొడతాయి. నెజాహత్ గుండ్రటి నువ్వుల రొట్టె గెవ్రెక్‌ని సగానికి విరిచి పెద్ద సగం అటు జరిపింది. నూహా తీసుకోలేదు.

"అసలెందుకిచ్చావే? నన్నడిగితే వద్దనేదాన్నిగా."

"మిమ్మల్నడిగే ఇచ్చానక్కా."

నెజాహత్ బల్ల మీద రాలిన నువ్వుల్ని వేలితో ఒకచోటికి చేర్చింది. నూహాయే మళ్ళీ అంది. "పేపర్లో వేస్తారన్నారు. టీవీలో చూపిస్తారన్నారు. ఎక్కడున్నా చూస్తాడేమో, తన బూట్లు గుర్తుపడతాడేమో అనుకున్నా. ఎనిమిదేళ్ళ నుంచి ఫోన్ నంబరు కూడా మార్చలేదు నేను."

"మరి జర్మనీలో పెడితే అక్కడ చూడొచ్చుగా?" నెజాహత్ తన తప్పుకి ఎక్కడైనా నీడ దొరుకుతుందేమోనని వెతుక్కుంటోంది.

"అక్కడుంటే ఫోన్ చేసేవాడు." నూహా గ్లాసు అంచు మీద వేలు తిప్పింది. "సముద్రం దాటించే పడవవాళ్ళు సంచీ కూడా వద్దన్నారు. నీళ్ళలో దిగాలని రబ్బరు చెప్పులు కొనుక్కున్నాడు. ఇవి విప్పి నా చేతిలో పెట్టాడు. నువ్వొచ్చేటప్పుడు పట్టుకురా, అక్కడ మంచి బూట్లు లేకపోతే ఎవడూ పనివ్వడు అన్నాడు. అక్కడికి చేరలేదు. ఎక్కడా లేనివాడు తిరిగి ఎక్కడికొస్తాడు? విడిచిపెట్టిన చోటికేగా. వచ్చినప్పుడు, బూట్లు జర్మనీ వెళ్ళాయి, నువ్వూ నేనూ వెళ్ళలేదు అని చెప్పనా?"

గెవ్రెక్ రెండు సగాలూ బల్ల మీదే ఉండిపోయాయి.

*

ఇదిల్ మేడమ్ శనివారం వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నల్లబట్టలు, పొట్టిజుట్టు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ రంగు. చెడ్డ మనిషని అనడానికి వీల్లేదు. ఆ బూట్లు ఏరడానికి రెండు చలికాలాలు గట్టు వెంబడి తిరిగి న్యుమోనియా తెచ్చుకుంది. వచ్చినప్పుడల్లా నెజాహత్‌కి కాళ్ళకి రాసుకునే మందేదో పట్టుకొస్తుంది. అందుకే నెజాహత్‌కి ధైర్యం వచ్చింది. చూపరులతో ముచ్చట్లయి, చప్పట్లయి, ఒక్కతే కుర్చీలో కూలబడ్డప్పుడు టీ పట్టుకెళ్ళింది.

"చేతులు చల్లగుండాలి అక్కా," అని ఇదిల్ గ్లాసు అందుకుంది. "అలిసిపోయాను. వీళ్ళకి చెప్పిందే చెప్పి, చెప్పిందే చెప్పి."

"మేడమ్, నలభై ఒకటో జత సంగతి."

"కోర్కుట్ చెప్పాడు." ఇదిల్ మొహం నిజంగానే వాడిపోయింది. "నా ప్రాణం కొట్టుకుంటోంది అక్కా. కాని ఒప్పందంలో అరవై మూడు జతలని ఉంది. ఒక్కోదానికీ ఫోటో, కొలత, వయసు. ఒకటి తీస్తే కళాఖండం కళాఖండంలా ఉండదు, ఒప్పందం ఒప్పందంలా ఉండదు. నూహాకి ఏం కావాలన్నా చేస్తాను. కొత్త బూట్లు కొంటాను."

"కొత్త బూట్లు ఎవరేసుకుంటారు మేడమ్?"

ఇదిల్ టీలో చక్కెర కలిపింది. "అక్కడ ఎంత జాగ్రత్తగా ఉంచుతారో తెలుసా? ఒకే వేడి, ఒకే తేమ. వందేళ్ళయినా చెక్కు చెదరవు. నూహా గదిలో గోడలకి బూజు. ఇంకో అయిదేళ్ళలో ఆ తోలు పొడి పొడి అయిపోతుంది."

"అయిపోనీండి. ఆమె ఇంట్లో అయిపోతాయి." నెజాహత్ తన గొంతు తనకే కొత్తగా వినిపించి తగ్గించింది. "మేడమ్, మీరు ఇస్తాంబుల్‌లో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో పెరిగారు, మీకు తెలియకపోవచ్చు. గుమ్మం బయట అలా ముక్కులు వీధివైపుకి పెట్టడం మా పక్క ఎవరికి చేస్తారంటే..."

"తెలుసు."

"తెలుసా?"

"మా అమ్మమ్మ పోయినప్పుడు నేనే పెట్టాను. పదకొండేళ్ళు నాకు. తెలిసే పెట్టానక్కా ఇక్కడ. చూసినవాళ్ళకి గుండెల్లో గుచ్చుకోవాలనే."

నెజాహత్ ఖాళీ ట్రే కడుపుకి ఆనించుకుని నిలబడింది. తెలియక చేసిందని ఇన్నాళ్ళూ సర్ది చెప్పుకుంది. "మరి మిగిలిన బూట్లవాళ్ళ సంగతి నాకు తెలియదు. ఈ పిల్ల మొగుడు పోయాడని మీకెవరు చెప్పారు?"

"ఎనిమిదేళ్ళయింది," అంది ఇదిల్ మెల్లిగా. "నువ్వు చెప్పు. బతికున్నాడనుకుంటున్నావా?"

నెజాహత్ కూడా అనుకోవడం లేదు. కాని అనుకోకపోవడం వేరు, తీసుకెళ్ళి గుమ్మం బయట పెట్టడం వేరు. అది ఇంటివాళ్ళు చెయ్యాల్సిన పని. ఇంటివాళ్ళకి కూడా చేతులు రావు. ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ట్రే పట్టుకుని టీ గదికి వెళ్ళిపోయింది, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది.

*

ఆదివారం ఆరింటికి ప్రదర్శన మూసేశారు. కదీఫెకాలె కొండ మీది ఇంటికి మినీబస్సు దిగి నూట పన్నెండు మెట్లు ఎక్కాలి. నెజాహత్ యాభయ్యో మెట్టు దగ్గర ఒకసారి, తొంభయ్యో మెట్టు దగ్గర ఇంకోసారి నిలబడింది. అక్కడ బట్టలారేస్తున్న ఎదురింటి గుల్సుమ్, "నీ కాళ్ళకి పింఛనిచ్చి ఇంట్లో కూచోబెట్టవే," అని ఎప్పటిలా ఎగతాళి చేసింది.

"పదకొండు నెలలు ఓపిక పట్టమన్నానే కాళ్ళని," అంది నెజాహత్. పింఛనుకి ఇంకా అన్ని నెలల బీమా తక్కువ. ఆమెని పెట్టింది గుత్తేదారు. కోర్కుట్ ఒక్క ఫిర్యాదు చేస్తే మర్నాడు ఆ మాపుకర్ర ఇంకొకామె చేతిలో ఉంటుంది.

తలుపు తెరిచి చెప్పులు విప్పి, గుమ్మం పక్క బూట్ల అలమరా ముందు పీట వేసుకుంది. కింది అరలో పాత దుప్పటి ముక్క. దాని వెనక తన భర్త రాసిమ్ బూట్లు. గోధుమరంగు తోలు, నలభై రెండు.

పోయిన ఏడాది వసంతంలో అతను పోయినప్పుడు గుల్సుమే అడిగింది, బూట్లు బయట పెట్టావా అని. పెట్టాను, ఎవరో పట్టుకుపోయారు అని చెప్పింది నెజాహత్. గుల్సుమ్ "దేవుడు స్వీకరించాలి" అంది. నెజాహత్ పెట్టలేదు. మూడు రోజులు చేతుల్లోకి తీసుకుంది, మూడు రోజులూ గడప దాటించలేకపోయింది. తన చేతుల మీదుగా స్నానం చేయించి పంపిన మనిషి. పోలేదనుకోవడానికి సందే లేదు. అయినా పెట్టలేదు. సముద్రం ఏం చేసిందో కూడా తెలియని నూహా మొగుడి బూట్లని మాత్రం మూడు వారాలుగా రోజూ పొద్దున తన చేత్తోనే వీధివైపు తిప్పుతోంది.

బూట్లు ఒళ్ళో పెట్టుకుంది. కుడి మడమ బయటి అంచు అరిగిపోయి ఉంది. రాసిమ్ ముప్పై ఏళ్ళు చేపల మార్కెట్లో బుట్టలు మోశాడు, ఎడమ భుజం మీద. నడక కుడిపక్కకి ఒరిగేది. అంతకుముందు, ఇరవై రెండేళ్ళప్పుడు, జర్మనీ పనికి పేరిచ్చాడు. ఇస్తాంబుల్ వెళ్ళి వరసలో నిలబడ్డాడు. అక్కడి డాక్టరు నోరు తెరవమని, పళ్ళు లెక్కపెట్టి, వద్దన్నాడు. "గనిలో బొగ్గు తవ్వమంటారనుకున్నా, కొరకమంటారని తెలియక పళ్ళు ఊడగొట్టుకుని పోయా," అని టీ కొట్టు దగ్గర జీవితాంతం చెప్పి నవ్వించేవాడు. పెళ్ళయ్యాక కూడా, ఇల్లు గడవకపోయినా, బూట్లు మాత్రం గట్టివే కొనేవాడు. మళ్ళీ పిలుపొస్తే అడ్డమైన బూట్లతో వెళ్ళకూడదని. ఆ మాట మాత్రం నవ్వుతూ అనేవాడు కాదు.

నెజాహత్ పాలిష్ డబ్బా తెరిచింది. గుడ్డకి కొంచెం అద్దుకుంది. ఆలోచించి, మూత పెట్టేసింది. మెరవకూడదు. పొడిగుడ్డతో దుమ్ము మాత్రం తుడిచి, తాళ్ళు విప్పి మళ్ళీ వదులుగా కట్టింది, నలభై ఒకటో జతకి ఉన్నట్టుగా. అలా కట్టి ఉంటుందని తన వేళ్ళకి ఇంత బాగా తెలుసని ఆమె అనుకోలేదు.

*

సోమవారం ఏడున్నరకే హాలు తెరిచింది. కూరగాయల సంచిలోంచి ఒక జత తీసింది, అదే సంచిలో ఇంకో జత పెట్టింది. మడమలు సుద్దగీత మీద, ముక్కులు వీధివైపు. లేచేటప్పుడు తలుపు పట్టుకోవాల్సి వచ్చింది. రాసిమ్ బూట్లు అరవై రెండు జతల మధ్య ఇబ్బందేమీ లేకుండా కలిసిపోయాయి. అంత తేలిగ్గా కలిసిపోతాయని ఆమె ఊహించలేదు. నీళ్ళు తాగడానికి టీ గదికి వెళ్ళింది. సంచిని తలుపు వెనక మేకుకి తగిలించింది.

ఎనిమిదింటికి నూహా వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. హాల్లోకి చూడకుండా, తల తిప్పుకుని గోడ వెంబడి నడిచి వెళ్ళి బకెట్ నింపుకుంది.

తొమ్మిదింటికి ప్యాకింగ్ మొదలైంది. చెక్కపెట్టెలు, తెల్లటి పల్చటి కాగితం కట్టలు, నంబరు చీటీలు. ఇదిల్ ఒక్కో జతా తనే ఎత్తి ఇస్తోంది. నెజాహత్, నూహా బూట్ల లోపల కాగితం కూరి, బయట చుట్టి, తాడు కడుతున్నారు. కోర్కుట్ ఫైల్లో ఫోటో చూసి, బూట్లు చూసి, టిక్కు పెడుతున్నాడు. ముప్పయ్యో జతకల్లా అందరి నడుములూ పట్టేశాయి. ఇదిల్ దగ్గుతోంది.

నలభై ఒకటి వచ్చింది.

ఇదిల్ రెండు చేతులతో ఎత్తింది. వెలుగు పడేలా తిప్పింది. నెజాహత్ చేతిలో కాగితం చప్పుడు చేస్తుంటే ఒళ్ళో పెట్టుకుని నొక్కి పట్టింది. పదకొండు నెలలు ఆమె కళ్ళ ముందు నిలబడ్డాయి.

"మొదటి రోజు నుంచీ నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది ఈ జతే," అంది ఇదిల్. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "ఈ మడమ చూడండి. ఎలా అరిగిందో. ఇద్లిబ్ నుంచి ఇక్కడిదాకా దారంతా ఈ మడమలో ఉంది."

ఇజ్మీర్ చేపల మార్కెట్ నుంచి కదీఫెకాలె మెట్లదాకా ఉన్న దారి అది. నెజాహత్ కళ్ళు దించుకుంది.

ఇదిల్ బూట్లని నూహా వైపు చాచింది. "ఒక్కసారి పట్టుకుంటావా? వెళ్ళేముందు?"

నూహా తల అడ్డంగా ఊపబోయి, చేతులు చాచింది. అందుకుంది. బొటనవేలితో తాళ్ళ కింది తోలునాలుకని నిమిరింది, లోపలికి వేళ్ళు పోనిచ్చింది. వేళ్ళు ఆగాయి. బూట్లని కొంచెం దూరంగా పట్టుకుని అరిగిన మడమ చూసింది. తర్వాత నెజాహత్‌ని చూసింది. నెజాహత్ కాగితం సాపు చేస్తూనే ఉంది, ఎంత చేసినా సాపు కావడం లేదు.

"ఏమైనా చెప్పాలనుందా నూహా?" అంది ఇదిల్.

నూహా వదులుగా ఉన్న తాళ్ళని బూట్ల లోపలికి దోపింది.

"చాలా వెళ్ళాలనుకున్నాడు," అంది చివరికి. "వెళ్ళనివ్వలేదు."

ఇన్నాళ్ళలో ఆ పిల్లకి రాసిమ్ గురించి, అతని ఒరిగిన నడక గురించి నెజాహత్ ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో, పళ్ళ కథ టీ గదిలో ఎన్నిసార్లు నవ్వుతూ తిరగేసి ఉంటుందో, అన్నీ ఆ పిల్ల గుర్తుపెట్టుకుంది. ఇదిల్ ముంజేతితో కళ్ళు తుడుచుకుని తర్వాతి జత కోసం వంగింది.

నూహా బూట్లని నెజాహత్ ఒళ్ళో పెట్టింది. వంగినప్పుడు చెవి దగ్గర, "అక్కా, ఈయనవెందుకు?" అంది.

"కాగితం అందుకో," అంది నెజాహత్.

కోర్కుట్ ఫైల్లో పేజీ తిప్పాడు. ఫోటో చూశాడు. నెజాహత్ చేతుల్లో కాగితం మధ్య మాయమవుతున్న బూటు చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. అందులో మడమ అరగలేదు. అతను నియమాల మనిషి. మరుగుదొడ్డి సబ్బు కూడా తూకం వేసి ఇస్తాడు. ఇదిల్ వీపు అటు తిరిగి ఉంది.

"నెజాహతక్కా," అన్నాడు మెల్లిగా.

"చెప్పండి కోర్కుట్ గారూ."

"ఇది నలభై ఒకటేనా?"

"గోడ మీద ఏం రాశారో చదివారుగా. బయల్దేరి, చేరనివాళ్ళని." ఆమె చేతులు ఆగలేదు, తాడు రెండు చుట్లు తిప్పి ముడి బిగించాయి. "ఈయన కూడా వాళ్ళలోని వాడే. నాది పూచీ. ఈసారి చదివే చెబుతున్నా."

కోర్కుట్ పెన్ను కాగితం మీద కాసేపు నిలబడింది. అతను నూహాని చూడలేదు. ప్రదర్శన మొదలవకముందు సంతకాల కోసం ఆ కాగితం బల్ల మీద పెట్టింది అతనే. అరువేలే, పెట్టెయ్యి అన్నదీ అతనే.

"మొత్తం అరవై మూడు ఉన్నాయా?"

"అరవై మూడు."

టిక్కు పెట్టాడు. ఫోటోని ఫైల్లోంచి లాగి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "వెలుతురు బాగా రాలేదు ఇందులో. ఇంకోటి తీసి పంపుతా," అని ఎవరికీ కాకుండా అన్నాడు.

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకి లారీ బయల్దేరింది. ఇదిల్ ముందే విమానాశ్రయానికి వెళ్ళిపోయింది. నెజాహత్ టీ గదిలోంచి ప్లాస్టిక్ కూజాతో మంచినీళ్ళు పట్టుకొచ్చి, లారీ గేటు దాటగానే దాని వెనక ధారగా పోసింది. నీళ్ళలా సాగిపోవాలి, నీళ్ళలా తిరిగి రావాలి. ఊరెళ్ళే వాళ్ళ వెనక ఆ గడ్డ మీద అందరూ పోసేదే. డ్రైవరు అలవాటు ప్రకారం హారను కొట్టాడు.

"పెద్దాయన తిరిగి రాడుగా అక్కా," అంది నూహా, పక్కన నిలబడి.

"రాడు." నెజాహత్ కూజా అడుగున మిగిలిన నీళ్ళు చూసింది. "మీవాడు వెళ్ళిన రోజు ఎవరైనా పోశారా?"

"లేదు. మాకా పద్ధతి తెలియదు అప్పటికి."

నెజాహత్ కూజా ఆమె చేతికిచ్చింది. నూహా రెండడుగులు ముందుకు వేసి మిగిలిన నీళ్ళు పోసింది, ఒక్క చుక్క కూడా మిగలకుండా వంచి పట్టుకుంది.

లోపల్నుంచి కోర్కుట్ కేక వేశాడు. "గేటు దగ్గర ఎవరమ్మా తడి చేసింది? తుడిచెయ్యండి, ఎవరైనా జారి పడతారు!"

"అదే ఆరిపోతుంది సార్!" అంది నూహా. ఈ ఉద్యోగంలో చేరాక ఆమె గొంతెత్తి జవాబు చెప్పడం అదే మొదలు.

"టీ గది తలుపు వెనక మేకుకి సంచి ఉంది చూడు," అంది నెజాహత్.

నూహా వెళ్ళింది. నెజాహత్ హాల్లోకి వచ్చి సుద్దగీతలు తుడవడం మొదలుపెట్టింది. ఖాళీ నేల మీద అరవై మూడు గీతలు. నలభై ఒకటో గీత దగ్గర తడిగుడ్డ రెండుసార్లు తిప్పింది, గీత పోయింది. మోకాళ్ళలో మంట. కాళ్ళు బూట్లలో పట్టనంతగా వాచి ఉన్నాయి. నూహా ఎంతకీ రాలేదు.

లేచి టీ గదికి వెళ్ళింది. ఆ గదిలోకి ఎవరూ చెప్పులు విప్పి వెళ్ళరు, ఇల్లేం కాదు గనక. కాని గుమ్మం పక్కన నూహా మాసిన రబ్బరు చెప్పులున్నాయి. వాటి పక్కనే, గడపకి లోపలివైపు, గోధుమరంగు తోలుబూట్ల జత. ముక్కులు గదిలోకి తిరిగి ఉన్నాయి, ఎవరో ఇప్పుడే వచ్చి విప్పి లోపలికి వెళ్ళినట్టు. నూహా వట్టి కాళ్ళతో కూర్చుని మూడు గ్లాసుల్లో టీ పోస్తోంది.

నెజాహత్ మూడో గ్లాసు చూసింది. గోడ పట్టుకుని ఒంగి, తన బూట్లు విప్పి, ఆ జత పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది.